అమ్మమ్మ పెట్టెలో ఐదు కాసులు: కరిగించేముందు ఏం చూడాలి

నమస్కారం. మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. తణుకు దగ్గర మీ అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే పాత ట్రంకుపెట్టెలో గుడ్డమూట ఒకటి దొరికింది, అందులో ఐదు నాణేలున్నాయి. మొదటిది 1872, రాణి తల, వెనక డాలు, పైన గొలుసుకు వేసుకునే రింగు అతికించి ఉంది, మొత్తం 8.31 గ్రాములు. రెండోది చిన్నది, 1906, గడ్డం రాజు, 3.96 గ్రాములు. మూడోది 1911, 7.97. నాలుగోది 1918, 7.98, తేదీ పైన చిన్న గీతలాంటిది కనిపిస్తోందన్నారు. ఐదోది 1797, పలుచన, 2.9 గ్రాములు. బంగారం దుకాణానికి తీసుకెళితే "పాత ఇంగ్లీషు బంగారం, 20 క్యారెట్లు" అని చెప్పి, 24 క్యారెట్ల ధర గ్రాముకు 10,000 ఉన్న రోజున పెద్ద నాణెం ఒక్కొక్కటి 55,000 ఇస్తామన్నారు. మీ బావగారేమో 1918 నాణేనికి లక్షలకు లక్షలు వస్తాయని ఎక్కడో చూశారట. ఎవరి మాట నమ్మాలన్నది మీ ప్రశ్న.

ఇద్దరి మాటా నమ్మకండి. దుకాణంవాళ్లు చెప్పింది మరీ తక్కువ, మీ బావగారు చెప్పింది మరీ ఎక్కువ. నేను బ్యాంకులో బంగారం తాకట్టు రుణాలకు విలువ కట్టే పని పన్నెండేళ్లు చేశాను. నాణేల పిచ్చి అంతకు ముందు నుంచీ ఉంది. ఇలాంటి మూటలు చాలా చూశాను. పది మూటల్లో తొమ్మిదింటి విలువ బంగారం విలువే. పదోదాన్ని గుర్తుపట్టాలంటే చేతిలో త్రాసు, భూతద్దం ఉంటే పావుగంట చాలు.

మీ పెద్ద నాణేలను సవరన్లంటారు. మన సవర, తమిళుల సవరన్ ఈ మాట నుంచి వచ్చినవే. కాసు బంగారమంటే ఎనిమిది గ్రాములని మనం లెక్కపెట్టుకునేది కూడా ఈ నాణెం తూకాన్ని బట్టే. కచ్చితమైన తూకం 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. 1817లో ఈ రూపంలో మొదలైనప్పటి నుంచీ ఆ తూకం, ఆ నాణ్యత మారలేదు. పన్నెండు పాళ్లలో పదకొండు బంగారం, ఒక పాలు ఎక్కువగా రాగి. అంటే 22 క్యారెట్లు, మన నగల భాషలో 916. మీ చిన్న నాణెం అర సవరను, అసలు తూకం 3.994. విచిత్రమేమిటంటే వీటి మీద ఎక్కడా విలువ రాసి ఉండదు. రాజు తల, గుర్రం మీద యోధుడు, తేదీ, అంతే. మన దేశంలో 1899 నుంచి సవరను పదిహేను రూపాయలకు చట్టబద్ధంగా చెల్లేది. పంట డబ్బు చేతికొచ్చిన ఇళ్లలో ఇవి ఎందుకు దాచుకున్నారో అర్థమవుతుంది కదా, నోటు కంటే నమ్మకం.

ఇప్పుడు దుకాణం లెక్క చూద్దాం. 7.98ని పదకొండుతో గుణించి పన్నెండుతో భాగిస్తే 7.315 గ్రాముల మేలిమి బంగారం. 10,000 చొప్పున 73,150 రూపాయలు. వాళ్లన్నట్టు 20 క్యారెట్లే అనుకున్నా 66,500 రావాలి. అందులో మళ్లీ పదిహేడు శాతం దాకా కోస్తే గానీ 55,000కి దిగదు. ఒక నాణేనికి రెండు కోతలన్నమాట. నగ అయితే టంకం ఉంటుంది, రాళ్లుంటాయి, లోపల లక్క ఉంటుంది, తరుగు తీయడానికి కారణం ఉంది. సవరను ఏకముద్ద బంగారం. అందులో తరగడానికి ఏముంది? మామూలుగా బంగారం విలువలో ఒకటి రెండు శాతం తగ్గించి అడిగితే అది వ్యాపారం. అంతకు మించితే మూట కట్టుకుని లేవండి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఉన్న హాల్‌మార్క్ కేంద్రంలో కొద్దిపాటి రుసుముకు నాణేన్ని గీయకుండానే నాణ్యత చూసి కాగితం ఇస్తారు. అది చేతిలో ఉంటే "20 క్యారెట్లు" అన్న మాట ఎవరూ అనరు. అయితే యంత్రం చూసేది పైపొరనే. లోపల ఏముందో తెలుసుకునే దారి కింద చెబుతాను.

తూకంలో చిన్న తేడాలకు కంగారు పడకండి. చేతులు మారిన నాణెం అరుగుతుంది. బ్రిటన్‌లో చట్టమే 7.937 గ్రాముల దాకా చెల్లనిచ్చేది, అంతకంటే తగ్గితే వెనక్కి తీసుకునేవారు. మీ 7.97, 7.98 చాలా చక్కగా ఉన్నాయి. 8.05 తూగితే మాత్రం నేను అనుమానిస్తాను. అరిగిన నాణెం తగ్గుతుంది గానీ పెరగదు కదా.

బంగారం విలువ తేలింది. దాని పైన ఏమైనా వస్తుందా లేదా అన్నది మూడు విషయాల మీద ఉంటుంది: తేదీ, ఏ టంకశాలలో కొట్టారు, ఎంత అరిగింది. టంకశాల సంగతే చాలామందికి తెలియదు. సవరన్లన్నీ లండన్‌లో తయారైనవి కావు. ఆస్ట్రేలియాలో బంగారం దొరికాక అక్కడే సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్‌లలో కొట్టారు. తర్వాత కెనడాలో ఒట్టావా, దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా వచ్చాయి. ఎక్కడ కొట్టారో చెప్పే ఇంగ్లీషు అక్షరం ఆవగింజంత ఉంటుంది: సిడ్నీకి ఎస్, మెల్‌బోర్న్‌కు ఎం, పెర్త్‌కు పి, ఒట్టావాకు సి, ప్రిటోరియాకు ఎస్ఏ. లండన్‌కు ఏ అక్షరమూ ఉండదు. ఆ అక్షరం ఎక్కడ వెతకాలన్నది నాణేన్ని బట్టి మారుతుంది. వెనక డాలు ఉన్న విక్టోరియా నాణేలకు డాలు చుట్టూ ఉన్న ఆకుల దండ కింద చూడాలి. వయసులో ఉన్న రాణి తల, వెనక గుర్రం ఉంటే రాణి మెడ కోసినట్టున్న చోటికి దిగువన చూడాలి. 1887 తర్వాతివాటిలో గుర్రం కాళ్ల కింద నేల గీత ఉంటుంది, దాని మీద, తేదీకి సరిగ్గా పైన.

మీ 1872లో దండ కింద చిన్న అంకె ఉందన్నారు. అది అచ్చు సంఖ్య. లండన్ టంకశాల 1863 నుంచి 1874 దాకా ఏ అచ్చుతో కొట్టిందో తెలియడానికి అలా వేసేది. కాబట్టి మీది లండన్‌ది, దొరకనిది కాదు. రింగు లేకపోతే, అరుగుదల తక్కువైతే బంగారం మీద కాస్త అదనం వచ్చేది. టంకం పడ్డాక సేకరించేవాళ్లకు అది నాణెం కాదు, నగ. రింగు తీయించి, అంచు రాసి నునుపు చేయిస్తే సరిపోతుందని కంసాలి అంటారు. వద్దు. అంచు మీది నిలువు గీతలు పోయిన చోటు భూతద్దంలో వెంటనే పట్టేస్తుంది. దీన్ని బంగారంగానే లెక్కేసుకోండి. 8.31 మొత్తాన్నీ 22 క్యారెట్లుగా లెక్కకట్టరు. రింగు, టంకం తక్కువ నాణ్యతవి కావచ్చు. అసలు నాణెం 7.9 చిల్లర ఉంటుంది, మిగతా దానికి బేరం ఆడుకోండి. నన్నడిగితే దీన్ని అమ్మకుండా అలాగే గొలుసుకు వేసుకోండి, మీ అమ్మమ్మగారు అలాగే వేసుకుని ఉంటారు.

1906 అర సవరను, 1911 సవరను మామూలువి. 1911లో ఒక్క లండన్‌లోనే మూడు కోట్లకు పైగా కొట్టారు. అర సవరనుకు 3.96 మీద 3.63 గ్రాముల మేలిమి, 36,300 రూపాయలు. 1911కి 73,060. ఒకసారి 1906 మీద రాజు తల చుట్టూ ఉన్న అక్షరాలు చదవండి, చివర్లో లాటిన్‌లో ఇండ్ ఇంప్ అని పొడి అక్షరాలుంటాయి. భారతదేశానికి చక్రవర్తి అని దాని అర్థం. పిల్లలకు చూపించండి, చరిత్ర పాఠం కంటే బాగా గుర్తుంటుంది.

ఇక 1918. దీని కోసమే ఇంత రాస్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడు ఓడల్లో బంగారం తరలించడం ప్రమాదంగా మారింది. అప్పుడు బొంబాయిలో లండన్ టంకశాలకు ఒక శాఖ పెట్టి సవరన్లు కొట్టారు. ఆ శాఖ 1919లో మూతపడింది. నాణేలన్నింటి మీదా తేదీ 1918 మాత్రమే. వాటి గుర్తు ఇంగ్లీషు అక్షరం ఐ, ఇండియాకు. సుమారు 13 లక్షల నాణేలు. బ్రిటిష్ కాలంలో మన గడ్డ మీద పుట్టిన సవరను ఇదొక్కటే కాబట్టి మన దేశంలో సేకరించేవాళ్లకు దీని మీద మక్కువ ఎక్కువ. మీకు కనిపించిన "గీత" ఆ ఐ కావచ్చు.

కానీ తొందరపడకండి. అదే 1918లో సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, ఒట్టావా కూడా కొట్టాయి. పెర్త్ అక్షరం పి. దాని పొట్ట అరిగిపోతే నిలువు గీతే మిగులుతుంది, మామూలు కంటికి అచ్చం ఐ లాగే కనిపిస్తుంది. పదేళ్ల కిందట నేనే ఇలా మోసపోయి ఒక పెర్త్ నాణేన్ని బొంబాయిదని కొన్నాను. నష్టం పెద్దది కాదు గానీ ఇప్పటికీ గుర్తుకొస్తే సిగ్గుగా ఉంటుంది. మీరు గది లైట్లు ఆర్పి, ఫోను టార్చిని నాణేనికి పక్క నుంచి, దాదాపు బల్లకు ఆనించినట్టు పట్టుకోండి. నాణేన్ని మెల్లగా తిప్పుతూ పది రెట్లు పెద్దది చేసే భూతద్దంలో చూడండి. గీతకు కుడివైపు పై భాగంలో నీడలా ఒక మెలిక తేలితే అది పి. రెండు పక్కలా నేల చదునుగా ఉంటే ఐ. అక్షరమే లేకుండా ఉంటే అది ఇంకా చెడ్డ వార్త: 1918లో లండన్ సవరన్లు కొట్టలేదు. అక్షరం లేని 1918 దొంగ నాణెమే. అలాగే బ్రిటిష్ కాలపు సవరన్లలో 1918 కాకుండా ఇంకో ఏడాది మీద ఐ కనిపిస్తే ఆ అక్షరం తర్వాత ఎవరో చెక్కింది.

ఐ అని తేలితే ఎంత వస్తుంది? అరుగుదల లేకపోతే బంగారం విలువ మీద చెప్పుకోదగ్గ అదనం వస్తుంది. రాజు మీసాలు, గుర్రం డొక్క అరిగిపోయి ఉంటే అదనం బాగా తగ్గుతుంది. లక్షలకు లక్షలు మాత్రం రావు. బహుశా మీ బావగారు చూసింది అదే ఏడాది అదే బొంబాయిలో కొట్టిన పదిహేను రూపాయల మొహరు అయి ఉంటుంది. తూకం, నాణ్యత సవరనువే, కానీ దాని మీద 15 రూపాయలని రాసి ఉంటుంది, గుర్రం ఉండదు. అది చాలా ఖరీదు. సవరన్లలో నిజంగా అరుదైనవి వేరే ఉన్నాయి: 1819, 1841, లండన్‌లో కొట్టిన 1917, సిడ్నీ 1920, 1926. ఇవి ఎవరి పెట్టెలోనైనా కనిపిస్తే సంబరపడేముందు దొంగదేమోనని చూడాలి, ఎందుకంటే దొంగ నాణేలు చేసేవాళ్లకూ ఈ తేదీలు తెలుసు.

దొంగవి రెండు రకాలు. మొదటి రకం ఇత్తడి మీద బంగారు పూత. దీన్ని పట్టుకోవడానికి ఇంట్లోనే ఒక పద్ధతి ఉంది. 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు కావాలి, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. చిన్న గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని కుట్టుదారానికి కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకూ అంచుకూ తగలకూడదు, బుడగలు అంటుకోకూడదు. త్రాసు ఒక అంకె చూపిస్తుంది. నాణెం తూకాన్ని ఆ అంకెతో భాగించండి. 22 క్యారెట్ల సవరను అయితే త్రాసు మీద 0.45 పడుతుంది, భాగిస్తే సుమారు 17.7. త్రాసు ఒక పాయింటు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి 17.3 నుంచి 18.1 దాకా ఏది వచ్చినా సంతోషించండి. అదే తూకం ఇత్తడి అయితే 0.94 దాకా చూపిస్తుంది. అంత తేడాను ఎవరూ దాచలేరు. నేను కొత్త నాణెం ఏది కొన్నా ఇంటికి రాగానే చేసే పని ఇదే. మా ఇంట్లోవాళ్లు దీన్ని "బంగారానికి స్నానం" అంటారు.

రెండో రకం అసలు బంగారంతోనే చేసిన దొంగ నాణేలు. నవ్వు రావచ్చు గానీ 1950లలో సవరను ధర అందులోని బంగారం కంటే బాగా ఎక్కువగా ఉండేది. ఇటలీలో, లెబనాన్ వైపు సరైన బంగారంతో అచ్చువేసి ఆ తేడా జేబులో వేసుకున్నారు. వీటిని ఎదుర్కోవడానికి కూడా 1957లో బ్రిటన్ మళ్లీ సవరన్లు కొట్టడం మొదలుపెట్టింది. వీటికి నీళ్ల పరీక్ష పనిచేయదు, తూకం కూడా సరిగ్గానే ఉంటుంది. కంటితోనే పట్టుకోవాలి. అక్షరాల అంచులు సబ్బుబిళ్ల మీది పేరులా గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. చదును ప్రదేశంలో చిన్న చిన్న పొక్కులుంటాయి. జార్జి రాజు మెడ కోసిన చోట చెక్కినవాడి పొడి అక్షరాలు బి.ఎం. అని ఉంటాయి, దొంగవాటిలో అవి ముద్దగా ఉంటాయి. మన దగ్గర కాసులపేరు కోసం కంసాలులే అచ్చులు చేసి కొట్టిన రాజు తలల కాసులు కూడా ఉన్నాయి. వాటి అక్షరాలు చదివితే అర్థమే ఉండదు, ఇంగ్లీషు రానివాడు చూసి గీసినట్టుంటుంది. మోసం కోసం చేసినవి కావవి, నగ కోసం చేసినవి. వాటి నాణ్యత ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి యంత్రంలో చూపించాల్సిందే. రెండో రకం దొంగ నాణేలైతే బంగారం విలువకు ఢోకా ఉండదు, పైన అదనం మాత్రం రాదు.

మీ ఐదోదానికి వద్దాం. 1797, వెనక పార ఆకారంలో డాలు. అసలుదైతే అది గినీ, సవరనుకు ముందు 1663 నుంచి 1814 దాకా కొట్టిన బంగారు నాణెం. పార డాలు 1787 నుంచి 1799 మధ్యది. కానీ గినీ తూకం 8.35 గ్రాములు, మీది 2.9. డాలు చుట్టూ ఏం రాసి ఉందో చూడండి. పాత మంచి రోజుల జ్ఞాపకార్థం అని మామూలు ఇంగ్లీషులో ఉంటే అది విక్టోరియా కాలంలో పేకాటలో పందెం బిళ్లగా వాడిన ఇత్తడి బిళ్ల. అసలు గినీ మీద లాటిన్ పొడి అక్షరాల వరస తప్ప ఇంగ్లీషు వాక్యం ఉండదు. స్నానం చేయించండి, 0.34 దగ్గర పడుతుంది, భాగిస్తే ఎనిమిదిన్నర వస్తుంది. దుకాణంవాళ్లు దీన్ని ఏమీ అనకుండా పక్కన పెట్టారన్నారు కదా, అందులో మాత్రం వాళ్ల తప్పు లేదు.

తోమకండి. చింతపండు, పళ్లపొడి, పాత బ్రష్షు, ఏదీ వద్దు. జిడ్డుంటే గోరువెచ్చని నీళ్లలో కాస్త కుంకుడు రసం వేసి పది నిమిషాలు నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. బొంబాయి నాణేన్ని మెరుగు పెట్టించారంటే ఆ రోజుతో అదనం పోయినట్టే. నాణేలను ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా కాగితంలో చుట్టండి.

చట్టం గురించి రెండు ముక్కలు. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. దాన్ని మీరు దేశం బయటకు పంపకూడదు. విదేశీ వేలం సంస్థలో ఎక్కువ వస్తుందని అమెరికాలో ఉన్న మీ తమ్ముడి చేతికి ఇచ్చి పంపే ఆలోచన చేశారు, మానుకోండి. మీ 1872, 1906, 1911, 1918 అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. పెట్టెలో దొరికినవి వారసత్వం కాబట్టి చిక్కు లేదు. గోడ పడగొట్టినప్పుడో, పెరడు తవ్వినప్పుడో దొరికి ఉంటే మాత్రం నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. 1878 నాటి చట్టమైనా ఇప్పటికీ అమల్లో ఉంది. ఇంకొకటి, నాణేల గురించి నలుగురిలో చెబితే "బియ్యాన్ని లాక్కునే నాణెం" ఉందా అని ఫోన్లు వస్తాయి. అది పచ్చి మోసం, పోలీసులు ఇలాంటి కేసులు చాలా పట్టుకున్నారు. ఫోను పెట్టేయండి.

నేనైతే ఇలా చేస్తాను. 1906, 1911 రెంటినీ హాల్‌మార్క్ కేంద్రం కాగితంతో మూడు దుకాణాల్లో అడుగుతాను. బంగారం విలువకు రెండు శాతం లోపు తేడాతో ఇచ్చేవాడికే ఇస్తాను, లేదంటే ఉంచుకుంటాను. 1872 ఇంట్లోనే ఉంటుంది. 1918ని మాత్రం బంగారం దుకాణంలో బయటకు తీయను. హైదరాబాద్, బెంగళూరు, ముంబయిలలో నాణేల ప్రదర్శనలు జరుగుతుంటాయి. అక్కడ ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు చూపించి, ఎవరికీ అక్కడికక్కడ మాట ఇవ్వకుండా ధరలు రాసుకుని వస్తాను.

అంతకు ముందు ఆ 1918 తేదీ భాగాన్ని పక్క వెలుతురులో, నేల గీత స్పష్టంగా కనిపించేలా దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. గీతకు కుడివైపు కాస్త ఖాళీ జాగా కూడా ఫొటోలో పడాలి. నీళ్లలో వేలాడదీసినప్పుడు త్రాసు చూపించిన అంకె కూడా రాయండి. ఐయో పియో చూసి చెబుతాను.